మా గల్లీకి గేటు, నా కిరాయిదారుకు బిళ్ల

“నా అర్ర, నా తాళం. ఎవలకన్న ఇస్త. నీకెందుకు సారూ?”

“అర్ర మీదేనండీ అక్కగారూ, కాదన్నదెవరు? గల్లీ మాత్రం అందరిదీ. ఆ జార్ఖండ్ కుర్రాడు ఆకాశంలోంచి మీ గదిలోకి దిగడు కదా. మా గుమ్మాల ముందు నుంచే నడిచి రావాలి.”

“నడిస్తే ఏమైతది? నీ గచ్చు అరుగుతదా?”

“అరగదండీ. రేపు ఏదైనా పోతే ఎవరిని అడగాలి? వాడి ఊరు తెలుసా, వాడి వాళ్లు తెలుసా?”

“నువ్వు వచ్చిననాడు నీ ఊరు మాకు తెలుసా? ఎక్కడ్నో సముద్రం పక్కకెల్లి పెట్టె పట్టుకొని దిగినవ్. నీ పెట్టె ఎవలన్న ఇప్పి చూసిండ్రా?”

“నేను కంపెనీ ఆర్డరు మీద వచ్చానండీ. కాగితం ఉంది.”

“ఆయన గూడ కాంట్రాక్టరు పిలిస్తెనే వచ్చిండు. పిలువంది ఎవడొస్తడు, ఈ ఎండలకు, ఈ బొగ్గు దుమ్ముకు?”

“ఆ కాంట్రాక్టరు మన పిల్లల్ని పిలవొచ్చు కదా! మన పిల్లలు డిగ్రీలు పట్టుకుని ఖాళీగా తిరుగుతున్నారు. మీ అబ్బాయికైతే వాళ్ల నాన్న ఉద్యోగం వచ్చింది కాబట్టి మీకు ఎన్ని మాటలైనా వస్తాయి.”

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే అది నిజం. మా ఆయన బొగ్గు బాయిలో పనిచేస్తూ మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం నా కొడుక్కు వచ్చింది. ఊళ్లో ఇంకెవరికీ దొరకని ఉద్యోగం, పుట్టుకతో నా కొడుక్కు దొరికింది. అంతకంటే గట్టి గేటు గోదావరిఖనిలో ఏముంటుంది? “ముందుగాల నీ ఇంటి గేటుకు నూనె పెట్టు సారూ, తెరిచినప్పుడల్ల చెవులు పోతున్నయ్” అని చీపురు పట్టుకుని లోపలికి వచ్చేశాను. వాదనలో ఓడిపోయినప్పుడు నేను ఎప్పుడూ ఊడవడం మొదలుపెడతాను. ఆ వారం మా ఇల్లు అద్దంలా ఉంది.

ఎదురింటి సారు కంపెనీలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఓవర్‌మన్ అంటే బాయి కింద ఒక షిఫ్టు మనుషులందరి మంచిచెడ్డలకూ జవాబు చెప్పేవాడు. ఇప్పుడు కింద మనుషులు లేరు కనుక, మా గల్లీలో ఉన్న నాలుగు ఇళ్ల మనుషులకు జవాబు చెబుతూ ఉంటారు. ఎవరూ అడగకపోయినా.

నా ఇంటి వెనక ఒక అర్ర ఉంది. మా ఆయన ఉన్నప్పుడు బొగ్గు, కట్టెలు వేసుకునేవాళ్లం. గ్యాసు వచ్చాక గోడలు కడిగించి, సున్నం వేయించి, కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాను. చాలా రోజులు ఖాళీగా పడి ఉంది. ఖాళీ అర్రను చూస్తే నాకు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నట్టే ఉంటుంది. అట్లాంటి సమయంలో జార్ఖండ్ మనిషి, అతని భార్య వచ్చారు. అతను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గనిలో మట్టి ఎత్తే కాంట్రాక్టరు దగ్గర మొదటి షిఫ్టు చేస్తాడు. తెల్లవారకముందే పోయి, మధ్యాహ్నం బ్లాస్టింగు మోత అయ్యాక కాసేపటికి ఇంటికి చేరుతాడు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. ఇక్కడి సర్కారు దవాఖానలోనే పేరు రాయించుకుంది. “ఇప్పుడు రైళ్లు, బస్సులు ఎక్కొద్దు, ఎక్కడున్నదానివి అక్కడే ఉండు” అని డాక్టరమ్మ చెప్పిందట.

ఇక గేటు సంగతి. గల్లీ మొదట్లో ఇనుప గేటు పెట్టాలని ఇంటింటికీ తిరిగి అందరి ప్రాణం తీసింది ఎవరో కాదు, నేనే. నా గోంగూర మడిని మేకలు మేస్తున్నాయని. “గేటు లేని గల్లీ ఒక గల్లీయేనా?” అని అప్పట్లో నేను చేసిన ఉపన్యాసాలు ఎదురింటి సారు ఒక్క ముక్క మర్చిపోలేదు. గేటు వచ్చింది. మేకలు కింది సందులోంచి దూరి యథాప్రకారం మేశాయి. పక్క గల్లీలో ఎవరిదో బోరు మోటారు దొంగతనం అయ్యాక, మేకలను ఆపలేని ఆ గేటు మనుషులను ఆపడానికి పనికొస్తుందని సారుకు తోచింది.

ఆదివారం సారు వాళ్ల వరండాలో అందరం కూర్చున్నాం. బయటి రాష్ట్రాల వాళ్లకు గల్లీలో ఇల్లు కిరాయికి ఇవ్వకూడదు, ఇచ్చినవాళ్లు నెలాఖరుకు ఖాళీ చేయించాలి అని సారు చెప్పారు. ఇచ్చినవాళ్లు అంటే నేనొక్కదాన్నే. అందరూ నా వైపు చూశారు. ఆ పిల్లను ఈ నెలల్లో ఎక్కడికి పంపాలి అని ఒక్కరూ అడగలేదు. నేను కూడా ముందు అది అడగలేదు. ముందు నాకు గుర్తొచ్చింది ఖాళీ అర్ర. తరవాత ఆ పిల్ల గుర్తొచ్చింది. నా సిద్ధాంతం పుట్టిన వరస అది, దాచుకోవడం ఎందుకు.

నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ రోజు లేచి నిలబడి చీర కొంగు బిగించి మాట్లాడాను.

“ఒకాయన పనిస్త అన్నడు, ఇంకొకాయన చేస్త అన్నడు. నేను అర్ర ఇస్త అన్న, వాళ్లు ఉంటమన్నరు. ఇద్దరికి ఇష్టమైనంక నడుమ మీరెవలు? నా ఇంట్ల ఎవలుండాలె, ఎవలుండద్దు అని చెప్పే హక్కు నాకున్నది. నా ఇంటి సంగతి మీరు చెప్తా అంటే, రేపు నేను వచ్చి మీ ఇంట్ల ఏం కూర వండాల్నో చెప్త. ఒప్పుకుంటరా?”

“మీరు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు కదండీ” అన్నది సారు భార్య. అందరూ నవ్వారు. నిజమే, ఆమె చింతపండు ఎక్కువ వేస్తుందని ఎన్నోసార్లు చెప్పాను.

నేను తగ్గలేదు. మా తమ్ముడి సంగతి ఎత్తాను. వాడు టైల్సు పరిచే పనికి దుబాయి పోయాడు. అక్కడి సేఠుకు పనివాడు కావాలి, వీడికి పని కావాలి. ఇద్దరి మధ్యలో ఏజెంటు, వీసా, ముద్రలు. పోయాక పాస్‌పోర్టు సేఠు దగ్గరే. రోడ్డు అవతలి దుకాణం వాడు “మా దగ్గరికి రా, మంచిగ చూస్కుంట” అన్నా, వీడికి రోడ్డు దాటడానికి వీల్లేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న పని కోసం ఇంటికి వచ్చి, మళ్లీ ఏజెంటు కాళ్లు పట్టుకుని, మళ్లీ విమానం ఎక్కి, ఆ రోడ్డు అవతలికి చేరాడు. “గా రోడ్డు మీద ఎవలికి ఏం నష్టం అయితుండెనో ఇప్పటిదాంక నాకు సమజ్ కాలేదు” అన్నాను.

“మరి దేశాలకు గూడ గేట్లు వద్దంటవా అత్తమ్మా?” అని అడిగింది నా కోడలు. అది డిగ్రీ చదివింది, నన్ను ఇరికించే మాటలు దానికి బాగా వస్తాయి.

“వద్దంట. దొంగను పట్టుకోండ్రి, జైల్ల పెట్టుండ్రి. పనికి వచ్చినోన్ని ఎందుకు ఆపుడు?”

“మరి మన ఇంటికి?”

“మన ఇల్లు వేరే. ఇల్లు నాది. దేశం, గల్లీ ఏ ఒక్కని సొంతం కాదు.”

“అందుకేనండీ నేను చెప్పేది” అన్నారు సారు. ఆయన తొందరపడరు, బాయిలో పనిచేసినవాళ్లు మెల్లగా మాట్లాడతారు. “ఒక్కరిది కానప్పుడు అందరిదీ. నల్లా అందరిదీ, రోడ్డు అందరిదీ, దవాఖాన అందరిదీ. మీరు కిరాయి తీసుకుంటారు, వాళ్లు మా నీళ్లు పట్టుకుంటారు. లాభం మీకు, కరువు మాకు. ఇదెక్కడి న్యాయం?”

ఇది మంచి ప్రశ్న. ఇప్పటికీ మంచి ప్రశ్నే. మా గల్లీ నల్లాకు రోజు తప్పించి రోజు నీళ్లు వస్తాయి, అదీ సన్నటి ధార. నాకు కోపం వచ్చి, ఆలోచించకుండా, “మీ నీళ్లు ఒక్క చుక్క ముట్టరు. నా వంతుల్నే పట్టుకుంటరు. వాడుకున్నోని ఖర్చు అర్ర ఇచ్చినోని మీదనే, గంతే!” అనేశాను.

సభలో అంత బాగా పేలిన మాట నా జీవితంలో ఇంకొకటి లేదు. దాని ఫలితం మాత్రం మర్నాటి నుంచి బిందెల్లో తెలిసింది. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో గోంగూర, కూరగాయలు కడిగిన నీళ్లతో నా కాళ్లు. నాకు ఇదంతా అలవాటే, చీమ తాగినా లెక్క చూసే మనిషిని. కోడలే వారం రోజులు జుట్టు ముడి విప్పలేదు.

“సిద్ధాంతం నీది, బంద్ అయింది నా తలస్నానం” అన్నది.

“స్వేచ్ఛ ఊకెనే రాదు బిడ్డా” అన్నాను.

“నీ అర్రల ఉన్నోళ్లకు స్వేచ్ఛ ఏడున్నది? గోడకు మొల కొట్టద్దు, రాత్రి లైటు ఎయ్యద్దు, ఆవాల నూనె మాడనియ్యద్దు, చుట్టాలు వస్తే బయట గద్దె మీద కూసోవాలె. నీ రూల్స్ చూస్తే నీ తమ్ముడు చెప్పిన దుబాయే నయం.”

ఇందుకు కూడా నా దగ్గర జవాబు ఉంది. నా ఇంట్లో నా రూలు నచ్చకపోతే ఇంకో ఇంటికి పోవచ్చు, వద్దనేవాళ్లు లేరు. గల్లీ రూలు అట్లా కాదు, అది అన్ని ఇళ్లనూ ఒకేసారి మూసేస్తుంది. ఈ తేడా నాకు స్పష్టంగా తెలుసు. కానీ చెబుతుంటే నాకే, లైటు ఆపమని ఆ పిల్ల కిటికీ కొట్టిన నా చెయ్యి గుర్తొచ్చింది. మిగిలింది చెప్పకుండా ఊడవడానికి పోయాను.

సారు పంతం మనిషే గానీ చెడ్డ మనిషి కాదు. ఆ పిల్ల పెద్ద కడుపుతో నల్లా దగ్గర వంగలేక నిలబడటం ఆయన కూడా చూశారు. రెండు రోజులు ఆలోచించి ఒక మధ్యేమార్గం తెచ్చారు. బస్టాండు దగ్గర గిన్నెల మీద పేర్లు చెక్కే మనిషితో రెండు ఇత్తడి బిళ్లలు చేయించారు, ఒకటి అతనికి, ఒకటి ఆమెకు. తన వరండా గోడకు ఒక చెక్క బిగించి రెండు మేకులు కొట్టారు.

“ఉండనివ్వండి, కాదనను. బయటికి పోయేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు తీసుకుపోవాలి. వచ్చాక మళ్లీ మేకుకు తగిలించాలి. గల్లీలో ఎవరున్నారో ఎవరు లేరో నాకు తెలుస్తుంది. మా ల్యాంపు రూములో ఇంతే చేసేవాళ్లం. ఎవరికీ నామోషీ కాలేదు.”

బాయి తెలియని వాళ్ల కోసం చెబుతాను. కిందికి దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన బిళ్ల ఉంటుంది. ల్యాంపు రూములో తల లైటు తీసుకునేటప్పుడు బిళ్ల తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. “మేకలకు గంట కట్టినట్టు మనుషులకు కడుతవా? నా ఇంటికి నా కిరాయిదారు వచ్చేటందుకు నీ గోడకు మొక్కాల్నా? బిళ్ల లేదు, గిళ్ల లేదు. ఒక్కసారి తలవంచితే రేపు మెడల పట్టా ఏస్తవ్!” గల్లీ చివరిదాకా వినపడేలా అరిచాను. ఎవరి స్వేచ్ఛ కోసం అరుస్తున్నానో వాళ్లను మాత్రం ఒక్క మాట అడగలేదు.

సాయంత్రం ఆ జార్ఖండ్ మనిషి నా గడప దగ్గర నిలబడ్డాడు. అతనిది సగం హిందీ, సగం తెలుగు.

“అవ్వ, ఝగ్డా వద్దు. బిళ్ల ఇస్తే తీసుకుంట.”

“ఎందుకు తీసుకుంటవ్? నువ్వేమన్న ఖైదీవా?”

“ఊరు నుంచి ఇక్కడి దాక అన్ని గేటు దగ్గర కార్డు చూపించిన అవ్వ. స్టేషన్‌ల చూపించిన, సైటుల చూపించిన. ఒక బిళ్ల ఏమైతది? నువ్వు రోజు లడాయి చేస్తే మేమే వెళ్లిపోతం. దూరంగ వేరే రూము చూస్తం. ఆమెకు టెన్షన్ వద్దు అని డాక్టరమ్మ చెప్పింది.”

వెనక ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఒక గిన్నెల మూట అప్పటికే కట్టి ఉంది. సారు పంపించకుండానే, నేను నా న్యాయంతో వాళ్లను పంపించేసేలా ఉన్నాను.

“వద్దు, ఒప్పుకోకు. ఇది నీ హక్కు” అన్నాను, ఇంకా.

కోడలు వంటింట్లోంచి అందుకుంది. “అత్తమ్మా, ఇద్దరికి ఇష్టమైనంక నడుమ మనమెవలం అన్నవు గద? సారు బిళ్ల ఇస్తనన్నడు, ఆయన తీసుకుంటనన్నడు. నడుమ నువ్వెవలు?”

నా మాటను నాకే తిరిగి వడ్డించింది. మింగలేక, కక్కలేక, నేను ఆ గిన్నెల మూట విప్పమని చెప్పి, “నీ ఇష్టం. మెడల మాత్రం ఏసుకోకు, జేబుల పెట్టుకో” అన్నాను. నా ఉద్యమంలో నేను సాధించింది ఆ జేబు ఒక్కటే.

అట్లా బిళ్లలు మొదలయ్యాయి. తెల్లవారకముందే అతను బిళ్ల తీసుకుని డ్యూటీకి పోయేవాడు, మధ్యాహ్నం తెచ్చి తగిలించేవాడు. ఆ పిల్ల దవాఖానకు పోతే తన బిళ్ల తీసుకునేది. నేను సారుతో మాట్లాడటం మానేశాను. నేను మాట్లాడటం మానేసిన సంగతి ఆయనకు తెలిసేలా, రోజూ ఆయన వరండా ముందు నుంచి గొంతు సవరించుకుంటూ పోయేదాన్ని.

ఒక సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. సారు భార్య నల్లా దగ్గర చెప్పింది. “పొద్దున ఆ అబ్బాయి బిళ్ల తీస్తున్న చప్పుడుకే ఈయన లేచి కూర్చుంటున్నారండీ. మేకు ఖాళీగా ఉన్నంతసేపూ టీవీ చూడరు, పడుకోరు. బ్లాస్టింగు మోత వినగానే వాకిట్లోకి పోయి నిలబడతారు. అతను వచ్చి తగిలించాకే అన్నం పెట్టమంటారు. రిటైరయ్యాక కాస్త సుఖపడతారనుకున్నాను. మళ్లీ షిఫ్టు మొదలైంది.”

నేను లోలోపల సంతోషపడ్డాను. మంచిదయింది, పడాలి అనుకున్నాను.

వాన పడిన ఒక మధ్యాహ్నం అతను రాలేదు. బ్లాస్టింగు అయ్యి చాలాసేపయింది. ఫోను చేస్తే స్విచాఫ్. ఆ పిల్ల గడప మీద కూర్చుని దారి చూస్తోంది. నేను అల్లం వేసి చాయ పెట్టి ఇచ్చాను. ఇంట్లో కాచిన చాయపత్తిని మళ్లీ ఎండబెట్టే నేను, ఆమెకు మాత్రం కొత్త పత్తి వేశాను. ఎంత కంగారులో ఉన్నానో దాన్నిబట్టి చూడండి.

పొద్దు వాలుతుండగా సారు నా వాకిట్లోకి వచ్చారు. అంతవరకు ఆయన తిండి తినలేదని మొహం చూస్తేనే తెలిసింది.

“అక్కగారూ, మీవాడు ఇంకా రాలేదు.”

“ఓవర్‌టైం చేస్తుండొచ్చు” అన్నాను. మాట్లాడకూడదన్న పంతం మర్చిపోయాను.

“చేస్తే చెప్పి ఉండాలి కదండీ. మేకు ఖాళీగా ఉంది.”

“ఖాళీగ ఉంటే నీకేం ఫికర్ సారూ? గల్లీల బయటోడు లేడు. నీకు గావాల్సింది గదే గద?”

ఆయన నన్ను చూసిన చూపు చెప్పలేను. నేనేదో నోటితో అనకూడని మాట అన్నట్టు చూశారు. “బిళ్ల రాకుండా ఓవర్‌మన్ ఇంట్లోకి ఎలా పోతాడండీ?” అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది, ఈయన తన గోతిలో తనే పడ్డాడని. గల్లీలో బయటివాళ్లు ఎంతమంది ఉన్నారో చూడటానికి ఆ మేకులు కొట్టాడు. కానీ ఆయన ఒంటికి తెలిసిన లెక్క ఒకటే, ఖాళీ మేకు అంటే ఇంకా పైకి రాని మనిషి. ఇన్నేళ్లు ఆ లెక్కతో బతికిన కళ్లకు ఇంకో అర్థం చెప్పినా ఎక్కడెక్కుతుంది? షిఫ్టు అయిందని సైరను కూసినా మా ఆయన ఇంటికి రాని పూటలు నేనూ గడప మీద గడిపాను. అందుకే మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాను.

సారుకు పొద్దు వాలాక చూపు ఆనదు. అందుకని దారి చెప్పడానికి వాళ్ల స్కూటరు మీద వెనక నేను కూర్చున్నాను. ఎవరితో మాట్లాడనని గల్లీ అంతా చాటానో, ఆయన వెనకే ఒక పక్కకు కాళ్లు వేసి, ఒక చేత్తో సీటు, ఒక చేత్తో నెత్తి మీద కొంగు పట్టుకుని, ఊరంతా చూస్తుండగా పోయాను.

“గుంత, గుంత! ఎడమకు కొట్టు!”

“చూస్తున్నానండీ.”

“చూస్తే గుంతల ఎందుకు దించినవ్? అగో బర్రె!”

“బర్రె కనపడుతోందండీ, మీరు భుజం గీరకండి.”

ఓపెన్‌కాస్టుకు పోయే దారంతా బురద. లారీలు దాటినప్పుడల్లా నల్లటి నీళ్లు మా ఇద్దరి మీదా పడ్డాయి. నా చీర అంచు ఇప్పటికీ తెల్లబడలేదు, సబ్బు కూడా దండగ. సైటు గేటు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవరు మీరు? గేటు పాసు చూపించండ్రి.”

“నేను కంపెనీలో ఓవర్‌మన్‌ని” అన్నారు సారు.

“ఎప్పుడు?”

“రిటైరయ్యాను.”

“మరి పాసు?”

సారు జేబులు తడుముకున్నారు, పాసు ఉన్నట్టే. నాకు నవ్వు రాబోయింది. వానలో, ఆ ముసలాయన మొహం చూసి రాలేదు.

“లోపలి మనిషి ఒకడు కావాలయ్యా. మొదటి షిఫ్టు. పైకి రాలేదు.”

“ఆయన మీకు ఏమైతడు?”

సారు ఒక్క క్షణం నా వైపు చూశారు. నేనూ ఆయన వైపు చూశాను. అతను నాకు కిరాయిదారు, ఆయనకు బయటివాడు. ఈ రెండు మాటల్లో ఏదీ ఆ గేటు దగ్గర పనికిరాదు.

“వాడి బిళ్ల రాలేదయ్యా” అన్నారు సారు.

సెక్యూరిటీ మనిషికి ఏమీ అర్థం కాలేదు. మా వయసు చూసి, “గా షెడ్డు కింద కూసోండ్రి, వానల తడువకుండ్రి” అన్నాడు. ఒక మోటారు పెట్టె మీద ఇద్దరం కూర్చున్నాం. చివరికి నేనే, “మీ ఆమె పులుసుల చింతపండు ఎక్కువేస్తది” అన్నాను. “అవునండీ” అన్నారు ఆయన.

కాసేపటికి మనుషులను తెచ్చే బండి వచ్చింది. మోకాళ్ల దాకా బురదతో ఆరేడుగురు దిగారు. అందులో ఇతను ఉన్నాడు. గని అడుగున వాననీళ్లు చేరాయట, పంపు జరపడానికి కాంట్రాక్టరు వాళ్లను ఆపేశాడట, ఫోను తడిసి ఆగిపోయిందట. మమ్మల్ని చూసి అతని మొహం పాలిపోయింది.

“అవ్వ, ఆమెకు నొప్పులా?”

“ఏమీ లేదురా నాయనా, చాయ తాగుతోంది” అన్నారు సారు. తరవాత గొంతు పెంచారు. “చెప్పి చావొచ్చు కదా! ఎవరి ఫోనైనా అడిగి ఒక్క మాట చెప్పలేవూ? షిఫ్టు మారినప్పుడు పైవాడికి కబురు పంపాలని ఎవడూ నేర్పలేదా నీకు? ముందు బిళ్ల ఇలా ఇవ్వు.”

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. సారు దాన్ని తుడిచి, చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు. అతను బండిలో ముందు పోయాడు. మేము స్కూటరు మీద వెనక వచ్చాం. ఈసారి గుంతలు నేను చెప్పలేదు. నడుము మాత్రం అన్నీ లెక్కపెట్టింది.

ఇంటికి వచ్చాక ఆ పిల్ల అతన్ని చూసి ఏడ్చింది, తరవాత తిట్టింది. నాకు ఆ భాష రాదు గానీ తిట్లు మాత్రం అర్థమయ్యాయి, నేను వాడేవే. ఎదురింట్లో సారు భార్య గొంతు వినపడింది. “ఇక చాలండీ. మీకు షుగరు, బీపీ. రేపు ఆ పిల్ల బిళ్ల కూడా తీసుకుని కాన్పుకు పోతుంది. అది తిరిగొచ్చేదాకా మీరు అన్నం తినరా?”

నేను పడుకుని చాలాసేపు నా వాదనలన్నీ తిరగేసుకున్నాను. అర్ర మాట, దుబాయి మాట, నీళ్ల మాట. ఒక్కటీ తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. ఇష్టపడి పిలిచేవాడు ఒకడు, ఇష్టపడి వచ్చేవాడు ఒకడు ఉన్నప్పుడు, మధ్యలో గేటు పెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అన్ని మాటలు చెప్పినా సారు గోడ మీది చెక్క ఇంత కూడా కదలలేదు. నా ఉపన్యాసాల మీద నాకున్న గౌరవం ఆ రోజు కొంత తగ్గింది. కోడలికైతే అది ఎప్పుడూ లేదట.

తెల్లవారకముందే నా కిరాయిదారు టిఫిన్ డబ్బా పట్టుకుని గల్లీలోకి వచ్చాడు. నేను వాకిట్లో నీళ్లు చల్లుతున్నాను. అతను అలవాటు ప్రకారం ఎదురింటి వరండా దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. గోడకు చెక్క లేదు. అది పీకిన చోట రెండు బొక్కలు, కింద కొంత సున్నం రాలి ఉంది. సారు భార్య తలుపు కొద్దిగా తెరిచి, పెదవి మీద వేలు పెట్టింది.

“రాత్రే పీకేశాం. ఆయన పడుకున్నారు, లేపకు నాయనా.”

అతను నా వైపు తిరిగాడు. “అవ్వ, బిళ్ల?”

“లేదు. పో, డ్యూటీకి లేటయితది” అన్నాను.

అతను గేటు తెరుచుకుని పోయాడు. అతని భార్య పొయ్యి మీద అన్నం పెట్టి, బయటికి వచ్చి, నల్లా దగ్గర బిందె పెట్టుకుంది.